చంపినవాడి వైపు నుంచి: కౌబాయ్ సినిమాలూ ఉత్తరాంధ్ర ద్రోహాలూ

శామ్యూల్ ఫుల్లర్ 1949లో తన మొదటి సినిమా తీసినప్పుడు జెస్సీ జేమ్స్‌ని కథానాయకుణ్ణి చెయ్యలేదు. అప్పటికే అమెరికాలో ఆ బందిపోటు మీద పాటలున్నాయి, చవక నవలలున్నాయి, పెద్ద తారలు నటించిన సినిమాలున్నాయి. ఫుల్లర్ మాత్రం జెస్సీని వెనక నుంచి కాల్చి చంపిన బాబ్ ఫోర్డ్‌ని పట్టుకున్నాడు. సినిమా పేరే ‘ఐ షాట్ జెస్సీ జేమ్స్’. చంపినవాడు తన నోటితో తానే చెప్పుకుంటున్న పేరది. ఫుల్లర్ పదిహేడేళ్ల వయసుకే నేరవార్తలు రాసిన విలేకరి. రెండో ప్రపంచయుద్ధంలో పదాతిదళంలో ఉత్తర ఆఫ్రికా నుంచి నార్మండీ దాకా నడిచిన సైనికుడు. చావుని దగ్గరగా చూసిన ఆ మనిషికి రాబర్ట్ లిప్పర్ట్ అనే నిర్మాత చిన్న బడ్జెట్, కొద్ది రోజుల షూటింగ్ ఇస్తే, వాటితోనే ఈ సినిమా తీశాడు.

అందులో ఒక సన్నివేశం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. జెస్సీ తొట్టెలో స్నానం చేస్తూ, వీపు రుద్దమని బాబ్‌ని పిలుస్తాడు. గదిలో తుపాకీ ఉంది, జెస్సీ ఒంటి మీద నూలుపోగు లేదు, వీపు ఇటు తిరిగి ఉంది. ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తానంది, బహుమతి డబ్బు ఇస్తానంది. ఆ డబ్బుతో పెళ్లి చేసుకుందామని సింథీ అనే అమ్మాయి మీద బాబ్ ఆశ పెట్టుకున్నాడు. అయినా ఆ క్షణంలో చెయ్యి రాదు, వీపు రుద్దుతాడు. ఆ తర్వాత మరో రోజు, జెస్సీ గోడ మీద ఒరిగిన పటాన్ని సరిచేస్తుంటే కాలుస్తాడు. అసలు చరిత్రలో అది 1882 ఏప్రిల్ 3, మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ జోసెఫ్ ఊళ్లో జరిగింది. వేరే సినిమాలు అక్కడితో ముగుస్తాయి. ఫుల్లర్ సినిమా అక్కడే మొదలవుతుంది. ఆశించిన డబ్బులో కొసరే చేతికొస్తుంది. సింథీ దూరమవుతుంది. తాను చేసిన హత్యనే నాటకంగా వేదిక మీద టికెట్టు పెట్టి ఆడి చూపించాల్సి వస్తుంది. ఒక సారాకొట్టులో ఊరూరా తిరిగే గాయకుడొకడు, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక, జెస్సీని చంపిన పిరికిపంద మీద కట్టిన పాట ఎత్తుకుంటాడు. ఆ పిరికిపందని నేనే, పాట పూర్తి చెయ్యి అంటాడు బాబ్. గాయకుడికి గొంతు పెగలదు. అయినా బాబ్ ఊరుకోడు, ఆఖరి చరణం దాకా పాడించుకుని వింటాడు. నేను చూసిన పాశ్చాత్య (వెస్టర్న్) చిత్రాల్లో ఇంతకంటే పెద్ద కాల్పుల దృశ్యం లేదు. అందులో ఒక్క గుండు కూడా పేలదు.

ఇదంతా ఎందుకంటే, తెలుగులో కౌబాయ్ సినిమా వచ్చి యాభై ఏళ్లు దాటింది. అమెరికా, ఇటలీ సినిమాల నుంచి మనం గుర్రం తెచ్చుకున్నాం, టోపీ, చుట్ట, నడుముకి తుపాకీ, నిధి పటం తెచ్చుకున్నాం. ద్రోహం కూడా తెచ్చుకున్నాం. కానీ ద్రోహం చేసినవాడు ఆ రాత్రి ఎలా నిద్రపోయాడన్నది మాత్రం తెచ్చుకోలేదు. ఈ వెలితి మిగతా ప్రాంతాల సంగతెలా ఉన్నా, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చూస్తే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే ఈ నేల మీద అటువంటి కథలకి కొదవ లేదు.

తెలుగు కౌబాయ్ సినిమాకి మూలపురుషుల్లో ఒకడు ఈ వైపు మనిషే. 1971 ఆగస్టులో విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’కి కథ, మాటలు సమకూర్చింది ఆరుద్ర. విశాఖపట్నంలో పుట్టిన ఆరుద్ర (అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి) కాలేజీ చదువుకి విజయనగరం వెళ్లాడు. అక్కడ రోణంకి అప్పలస్వామి, చాగంటి సోమయాజులు (చాసో) వంటివాళ్ల సాంగత్యంలో ఆయన సాహిత్యమూ రాజకీయమూ పదునెక్కాయి. ‘త్వమేవాహం’ రాసిన ఆ కవి, ‘సమగ్రాంధ్ర సాహిత్యం’ రాసిన ఆ పరిశోధకుడు ఇటాలియన్ పాశ్చాత్య చిత్రాల ధోరణిని తీసుకుని, సంస్థానాల కాలపు తెలుగు నేల మీద, దాచిపెట్టిన నిధి చుట్టూ కథ అల్లాడు. కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్.స్వామి ఛాయాగ్రహణం, రాజస్థాన్ ఎడారిలో షూటింగు, హీరో కృష్ణ సాహసం కలిసి దేశంలోనే మొదటి కౌబాయ్ సినిమాగా దానికి పేరు తెచ్చాయి. ‘ద ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకి డబ్బింగయి చాలా దేశాల్లో ఆడింది. కృష్ణ మరణించిన మరుసటి ఏడాది, 2023 మే 31న ఆయన పుట్టినరోజుకి కొత్త ప్రింటుతో మళ్లీ విడుదల చేస్తే హాళ్ల దగ్గర జనం బారులు కట్టారు.

ఆ సినిమాలో నాగభూషణం పాత్ర పేరు నక్కజిత్తుల నాగన్న. అతను చెయ్యని ద్రోహం లేదు, ప్రేక్షకుడికి అతని మీద కోపమూ రాదు. అతని మోసానికి హీరో మోసం, దానికి మరో మోసం, ఆట రక్తి కడుతూ పోతుంది. ఆరుద్ర చదువుకున్న విజయనగరంలోనే ఈ ఆటకి గొప్ప పూర్వరూపం ఉంది. 1892లో అక్కడ తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గిరీశం, రామప్పంతులు, మధురవాణి, కరటకశాస్త్రి ఒకరి మీద ఒకరు ఎత్తులు వేసుకోవడమే కథ. మోసగాళ్లని మోసగాళ్లే బోల్తా కొట్టించడం గురజాడ అప్పారావుగారి తర్వాత తెలుగువాడికి కొత్త విషయమేమీ కాదు. అయితే గురజాడ ఆ ఆట మధ్యలో మీనాక్షిని, బుచ్చమ్మని నిలబెట్టాడు. మోసం ఎవరి బతుకు మీదుగా పోతోందో వాళ్ల ముఖాల్లో చూపించాడు. ఆరుద్ర అంతటివాడు కౌబాయ్ కథ రాసినప్పుడు ఆ సగం వదిలేశాడని నా బాధ. కుర్రకారుని ఉర్రూతలూగించే సినిమా కావాలని అడిగారు, అడిగినదానికంటే బాగా ఇచ్చాడు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ దారి అలా పడిపోయింది.

ఆ దారిన వచ్చినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’, 2002 సంక్రాంతికి మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’. రెండింటా నిధి వేటే, రెండింటా కనులపండుగే. తండ్రి చావుకో, నమ్మినవాడి వెన్నుపోటుకో పగ తీర్చుకోవడమే నడిపించే కథ. పగ తీరగానే పేర్లు పడతాయి. వాటిలో ద్రోహికి దక్కేది శిక్ష. ద్రోహికి తన పని తాను చూసుకునే నిశ్శబ్దం దొరకదు, ప్రేక్షకుడికీ దొరకదు.

ఇప్పుడు బొబ్బిలికి రావాలి. పాశ్చాత్య చిత్రానికి కావలసిన సామగ్రి అంతా ఒక్కచోట పోసినట్టున్న చరిత్ర అది. పక్కపక్కనే రెండు కోటలు, పొలాల నీళ్ల దాకా పాకిన పాత కక్షలు, కొత్తగా దిగిన విదేశీ ఫిరంగులు, మధ్యలో లంచాలతో మాటలు అటూ ఇటూ మార్చే దివాను. విజయనగరం పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని దివాను హైదర్‌జంగ్‌ని తనవైపు తిప్పుకుని బొబ్బిలి మీదికి నడిపించాడు. 1757 జనవరి 24న కోట పడింది. లోపలి మగవాళ్లు ఓటమి తప్పదని తెలిశాక తమ ఆడవాళ్లని, పిల్లల్ని తమ చేతులతోనే చంపి, తామూ పోరాడి చచ్చిపోయారు. ఆ మంటలు ఆరిన కోటలో అడుగుపెట్టిన ఫ్రెంచి సైనికులకి నోట మాట రాలేదని ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. ఒక ముసలివాడు మాత్రం బొబ్బిలి రాజు రంగారాయుడి కొడుకుని కాపాడి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఫ్రెంచివాళ్లకి అప్పగించాడు. ఆ తర్వాత మూడో రాత్రి బొబ్బిలి మనుషులు విజయరామరాజు డేరాలో దూరి 32 పోట్లు పొడిచి చంపారని ఓర్మ్ లెక్క. జనం నోట్లో ఆ చంపినవాడు రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు.

ఈ కథని మనవాళ్లు పాడారు. పెద్ద బొబ్బిలిరాజు కథ ఉత్తరాంధ్ర ఊళ్లలో తరతరాలుగా తెల్లవార్లూ వినిపించింది. 1964లో సి.సీతారాం ‘బొబ్బిలి యుద్ధం’ తీశారు. ఎన్.టి.రామారావు రంగారాయుడు, భానుమతి మల్లమ్మదేవి, ఎస్.వి.రంగారావు పాపారాయుడు. సంగీతం సాలూరు దగ్గర శివరాంపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుది. 1986లో దాసరి నారాయణరావు కృష్ణంరాజుతో ‘తాండ్ర పాపారాయుడు’ తీసినప్పుడు కూడా సంగీతం ఆయనదే. రెండూ చూడదగ్గ సినిమాలు. రంగారావు పాపారాయుడు డేరాలోకి అడుగుపెట్టేసరికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కానీ రెండు సినిమాలూ బొబ్బిలి కోట గోడల లోపల నిలబడి చూసినవే. కోట పడ్డ రోజుకీ డేరాలో పోట్లు పడ్డ రాత్రికీ మధ్య ఉన్న మూడు రోజుల సంగతి ఎవరూ అడగలేదు. పక్క కోట కాలిపోయింది. తెల్లవారేసరికి పసిపిల్లల శవాలు కనిపించాయి. ఆ చావుల్ని తెచ్చిపెట్టినవాడు అదే మైదానంలో డేరా వేసుకుని పడుకున్నాడు. తన వెంట వచ్చిన ఫ్రెంచివాళ్లే మొహం తిప్పుకున్నారు. బతికి బయటపడ్డ శత్రువు కొడుకుని చూసే ఉంటాడు. ఆ మూడు రాత్రులూ విజయరామరాజు ఏమి ఆలోచించి ఉంటాడు? గెలిచానని సంబరపడ్డాడా, చేసిన పని కళ్లముందు నిలిచి నిద్ర పట్టలేదా, కావలివాళ్లని పెంచుకున్నాడా? చరిత్ర చెప్పదు. అది చెప్పని చోటే కళకి జాగా ఉంది. ఫుల్లర్ లాంటివాడి చేతిలో పడితే సినిమా ఆ డేరాలో మొదలయ్యేది.

పాపారాయుడి పాత్రలోనూ ఇంకో పొర ఉంది. అతను సమయానికి రాలేకపోయాడు. కథలో కబురు దారి తప్పింది, రాజాం నుంచి బయల్దేరేసరికే ఆలస్యమైంది. వచ్చేసరికి కోట బూడిద. అతను డేరా వైపు పాకుతున్నది పగతోనే అని ప్రతి కథకుడూ చెప్పాడు. ఆలస్యమైనందుకు తన మీద తనకున్న కోపం కూడా ఆ కత్తిలో ఉందని పట్టుకున్నవాళ్లు తక్కువ. రంగారావు నటనలో అది ఉందని నాకనిపిస్తుంది. సంభాషణల్లో లేకపోయినా ఆ మొహంలో ఉంది.

విజయనగరంవాళ్లకీ బొబ్బిలివాళ్లకీ ఈ కథ ఇప్పటికీ సులువైనది కాదు. ఒకరి వీరుడు ఇంకొకరి హంతకుడు. సినిమావాళ్లు ఈ సంగతిని ఇబ్బందిగానే చూశారు. నిజానికి పాశ్చాత్య చిత్రానికి ప్రాణం అక్కడే ఉంటుంది. ఏ వైపు కూర్చున్న ప్రేక్షకుడైనా తన తాతని కొత్త కళ్లతో చూడాల్సి రావడమే దాని బలం.

ఇలాంటి కథలకి రెండో గని శ్రీకాకుళం గిరిజన ఉద్యమం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన మహాసభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. అక్కణ్ణుంచి ఉద్యమం ఆయుధం పట్టింది. 1969 మేలో పంచాది కృష్ణమూర్తి, అదే ఏడాది డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో మరణించారు. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారిగా ఉంటూ జముకుల కథలో విప్లవాన్ని పాడిన పాణిగ్రాహి పాటలు ఇంకా బతికే ఉన్నాయి. చనిపోయినవాళ్లకి పాటలు దక్కాయి. ఏ ఉద్యమం అణగారినా, ఆ అణచివేతలో మాట అందించినవాళ్లు, భయపడి తలుపు వేసుకున్నవాళ్లు, చెరలో లొంగిపోయినవాళ్లు ఉంటారు. వాళ్లు ఊళ్లలోనే ముసలివాళ్లయ్యారు. వాళ్ల మీద సినిమా లేదు.

ఐర్లాండు అనుభవం చూస్తే ఈ లోటు పెద్దదనిపిస్తుంది. పాశ్చాత్య చిత్రాల దిగ్గజం జాన్ ఫోర్డ్ 1935లో ‘ద ఇన్ఫార్మర్’ తీశాడు. లియామ్ ఓఫ్లాహర్టీ నవల ఆధారం. 1922 డబ్లిన్‌లో జిపో నోలన్ అనే దరిద్రుడు 20 పౌండ్ల కోసం తన స్నేహితుడైన తిరుగుబాటుదారుని పోలీసులకి పట్టిస్తాడు. ఆ డబ్బు చేతిలో పడ్డ క్షణం నుంచి ఒకే ఒక్క రాత్రి అతను తాగుతూ, పంచుతూ, తన నుంచి తాను పారిపోతూ తిరగడమే సినిమా అంతా. ఐరిష్ వలస కుటుంబంలో పుట్టిన ఫోర్డ్ తన పూర్వీకుల పోరాటాన్ని ప్రేమిస్తూనే అందులోని ద్రోహిని మనిషిగా చూడగలిగాడు. మన దగ్గర ఆ వైపు ఒక అడుగు వేసింది 2022లో వేణు ఊడుగుల ‘విరాటపర్వం’. వరంగల్ ప్రాంతంలో ఇన్ఫార్మరనే అనుమానంతో ఉద్యమకారుల చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్న యువతి కథకి అది సినిమా రూపం. ద్రోహి అని ముద్ర వేసినవాడి అపరాధం అందులో ఉంది. అది తెలంగాణ కథ. శ్రీకాకుళానికి దాని సొంత చిత్రం ఇంకా రావాల్సి ఉంది.

సాహిత్యంలో ఈ వైపు రచయితలు ఆ పని ఎప్పుడో చేశారు. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ రాసింది 1964లోనే, సరిగ్గా ‘బొబ్బిలి యుద్ధం’ విడుదలైన ఏడాది. తరాల నాటి అప్పు, పంచాయితీ తీర్పు, ఆఖర్న తన కొడుకు తనలా పాలేరు కాకూడదని తండ్రే వాణ్ణి చంపుకోవడం. అందులో ఎవరు ఎవరికి ద్రోహం చేశారన్న ప్రశ్నకి జవాబు చెప్పమని మాస్టారు పాఠకుణ్ణే నిలబెట్టారు. తీర్పు చెప్పిన పెద్దమనిషి, అప్పు ఇచ్చినవాడు, వింటున్న ఊరు, ఎవరూ చేతులు కడుక్కుని వెళ్లలేరు. ఇంత నైతిక బరువున్న కథనాలు ఇంటి దగ్గర పెట్టుకుని, మన సినిమా ఎడారి నిధుల కోసం తిరిగింది.

చివరికి ఒక కొత్త దర్శకుడు ఉద్దానంలోకి వచ్చాడు. కథలు, లఘుచిత్రాల నుంచి వచ్చిన కరుణకుమార్ మొదటి సినిమా ‘పలాస 1978’, 2020 మార్చి 6న విడుదలైంది. మూడు వారాలు తిరక్కుండానే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి హాళ్లు మూతపడ్డాయి. తమ్మారెడ్డి భరద్వాజ సమర్పించిన ఈ చిన్న సినిమాలో ఒక్క గుర్రం లేదు, ఒక్క టోపీ లేదు. అయినా తెలుగులో పాశ్చాత్య చిత్రానికి నిజంగా దగ్గరైనది ఇదేనని నా అభిప్రాయం. రైలు జంక్షన్ ఉన్న వ్యాపార పట్నం, దాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్న ఇద్దరు షావుకారు అన్నదమ్ములు, వాళ్ల కోసం చెయ్యి చేసుకునే రౌడీ, అట్టడుగు కులంలో పుట్టి పాట పాడే కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములు. పాణిగ్రాహి పాడిన బొడ్డపాడు ఈ పట్నానికి పక్కనే. కథ మొదలయ్యే ఏడాదికి ఆ గొంతు ఆగి పదేళ్లు కూడా కాలేదు.

పలాసలో జీడిపప్పు పరిశ్రమని చూసినవాళ్లకి ఈ సినిమాలో ఒక విషయం బలంగా తగులుతుంది. జీడిపిక్కని కాల్చి పగలగొట్టే పనిలో పెంకులోంచి కారే నూనె చర్మాన్ని కాలుస్తుంది. పని చేసే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉంటాయి. తెల్లటి పప్పు షావుకారు సంచుల్లోకి వెళ్తుంది, నలుపు వేళ్ల మీద ఉండిపోతుంది. కరుణకుమార్ ఈ పట్నాన్ని పోస్టర్ మీది పేరుగా వాడుకోలేదు. అన్నదమ్ములు ఎందుకు చెయ్యెత్తారో, చెయ్యెత్తాక ఆ చెయ్యి ఎవరికి పనికొచ్చిందో ఆ పని వాతావరణంలోంచే చూపించాడు. పాట పాడాల్సినవాడి చేతికి కత్తి వస్తుంది. మోహనరావు, రంగారావు తమ కోసం లేచామనుకుంటారు. చిన్న షావుకారు వాళ్లని తన అన్న మీద ఎత్తుగా వాడుకుంటాడు, అవసరం తీరాక పక్కకి నెట్టేస్తాడు. రక్షిత్, తిరువీర్ అన్నదమ్ములుగా నిలబడ్డారు. చిన్న షావుకారుగా వేసిన రఘు కుంచె సంగీతం కూడా ఆయనే చేశాడు. ఆ ‘నక్కిలీసు గొలుసు’ పాట ఉత్తరాంధ్ర పెళ్లిళ్లలోంచి రాష్ట్రమంతా పాకింది. యాసని నవ్వు కోసం కాకుండా బతుకు భాషగా వాడిన కొద్ది సినిమాల్లో ఇదొకటి.

లోటూ ఉంది. చివరికొచ్చేసరికి మాటలు ఎక్కువయ్యాయి. కులం గురించి దర్శకుడు చెప్పదలచుకున్నది సన్నివేశాలే చెప్పేశాక మళ్లీ పాత్రల నోటితో చెప్పించాడు. మరో సంగతి దీనికంటే ముఖ్యం. చిన్న షావుకారుకి తెలివి ఇచ్చాడు, తియ్యటి మాటలు ఇచ్చాడు, కానీ నిద్ర పట్టని ఒక్క రాత్రి ఇవ్వలేదు. వాడుకుని వదిలేసిన కుర్రాళ్ల ముఖాలు ఆయనకి కళ్లముందు నిలిచిన ఒక్క క్షణం చూపించి ఉంటే, సినిమా బాబ్ ఫోర్డ్ దగ్గరికి వెళ్లేది. మోహనరావు మాత్రం తన చేతుల్ని మోస్తూ ఏళ్ల తరబడి బతుకుతాడు, అక్కడ సినిమా గొంతు మారుతుంది. ఆ మలుపులు నాకు చాలా ఇష్టం. కరుణకుమార్ తర్వాతి సినిమాలు వేరే దారిలో వెళ్లాయి. ఆయన మళ్లీ ఉద్దానానికి రావాలని మనసారా కోరుకుంటున్నాను.

దర్శకులు కాబోయే ఇక్కడి కుర్రవాళ్లకి బడ్జెట్టు భయం ఉంటుంది. ఫుల్లర్ సినిమాలో గుర్రాలు తక్కువ, గదులు ఎక్కువ. మొదటి బ్యాంకు దోపిడీ కూడా దాదాపు ముఖాల దగ్గరి షాట్లతోనే నడిపేశాడు. డేరాలో మూడు రాత్రులకి సైన్యం అక్కర్లేదు. మాట అందించిన మనిషి ముప్పై ఏళ్ల తర్వాత అదే సంతలో చనిపోయినవాడి తమ్ముడికి ఎదురుపడటానికి ఒక సంత చాలు. ఏజెన్సీలో వారపు సంతలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. కథల కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. కా.రా. మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో నూరేళ్ల తెలుగు కథలున్నాయి. విజయనగరంలో చాసో రాసినవి, విశాఖలో రావిశాస్త్రి రాసినవి అక్కడ దొరుకుతాయి. వాటిలో తప్పు చేసినవాళ్లున్నారు, తప్పు చేశామని తెలిసినవాళ్లున్నారు. వాళ్లలో ఒకణ్ణి నాయకుడిగా పెట్టి కథ రాసుకోమని, అతన్ని మంచివాణ్ణి చెయ్యడానికి తొందరపడవద్దని, పాట పాడేవాడు ఎదురొచ్చినప్పుడు ఆ నాయకుణ్ణి లేచి వెళ్లిపోనివ్వవద్దని వాళ్లకి చెప్పాలని ఉంది.